గాజులో నిలబడ్డవాళ్లు

పళ్లు లేని నోట్లో పన్ను నొప్పి ఎలా వస్తుంది?

గూడూరులో పళ్ల డాక్టరు టార్చి వేసి చెంగమ్మ నోరంతా వెతికాడు. చిగుళ్లు తప్ప అక్కడ ఏమీ లేవు. కట్టుడు పళ్లు ఆమె ఒళ్లో, చేతిరుమాల్లో ఉన్నాయి.

"ఏ పన్ను పెద్దమ్మా?"

"ఇదిగో, కుడి పక్క, కింద, చిట్టచివర." ఖాళీ చిగురు మీద వేలు పెట్టి, "అబ్బా" అని వెనక్కి తీసుకుంది.

"ఆడ పన్నే లేదు కదా!"

"లేదని నాకూ తెలుసు నాయనా. ఆ పంటికే తెలిసినట్టు లేదు."

డాక్టరు నవ్వాడు. వెంట వచ్చిన కొడుకు పెంచలయ్య కూడా నవ్వి, తల్లిని బైకు మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ ఆదివారం పెంచలయ్య భార్య హైమని చూడ్డానికి ఆమె అక్క వకుళ వచ్చింది. చెంగమ్మ చేపల పులుసు వడ్డిస్తూ ఈ సంగతంతా చెప్పింది. వకుళ కూడా నవ్వింది.

"ఇంకో చోద్యం చెప్తా వినమ్మణ్ణీ. నొప్పి లేచినప్పుడల్లా నోట్లో ఖైనీ వాసన కొడతా ఉండాది. ఈ జన్మలో ఖైనీ ముట్టినదాన్ని కాదు నేను."

వకుళ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

కుడి దవడ. కింద. చివరి పన్ను. ఖైనీ.

అలాంటి మనిషి ఒకడు ఆమెకి తెలుసు. అతను బతికే ఉన్నాడు, హాయిగా ఉన్నాడు. అతని పన్ను నొప్పి తీసేసింది స్వయంగా తనే.

* * *

చిల్లకూరు దాటాక తెల్ల ఇసుక మేటల మధ్య ఒక పొడవాటి షెడ్డు ఉంది. ఇసుక కంపెనీల వాళ్లు కట్టుకున్న గాజు ప్రయోగశాల అది. వకుళ అందులో పన్నెండేళ్లుగా పనిచేస్తోంది.

గాజు పైకి రాయిలా కనిపిస్తుంది. లోపల మాత్రం సోడియం అయాన్లు, అంటే ఉప్పులో ఉండే రేణువులే, ఎక్కడివక్కడ ఇరుక్కుని కూర్చుని ఉంటాయి. బాగా వేడి చేసి, ఒక ముఖానికి ప్లస్, ఇంకో ముఖానికి మైనస్ తగిలిస్తే అవి లేస్తాయి. పక్కన ఖాళీ దొరికితే అందులోకి గెంతుతాయి. అలా ఒక్కొక్క గెంతుగా ప్లస్ వైపు నుంచి మైనస్ వైపుకి నడుస్తాయి. మామూలు గాజుకి దానికోసం మూడు వందల డిగ్రీల వేడి కావాలి. వకుళ పోత పోసిన గాజుకి జ్వరం వచ్చిన ఒంటి వేడి చాలు.

ఆ గాజు ఏం చేయగలదో అనుకోకుండా బయటపడింది. కొలిమి దగ్గర వేలు కాల్చుకున్న వకుళ, మంట ఓర్చుకుంటూనే ఆ గాజు పలక మీద చెయ్యి వేసింది. ప్లస్ వైపు. మంట పోయింది. తగ్గడం కాదు, ఎవరో తీసి పక్కన పెట్టినట్టు పోయింది.

నరాల్లో నొప్పిని మోసుకుపోయేదీ సోడియమే. మిగతాది ఎలా జరుగుతోందో ఆమెకి తెలీదు. జరుగుతోందని మాత్రం తెలుసు.

ముందుగా ఇసుక లారీ డ్రైవరు మస్తాన్ వచ్చాడు. ఎప్పుడూ ఖైనీ నములుతుండే మనిషి, కుడి దవడలో చివరి పన్ను పుచ్చిపోయింది. తర్వాత క్యాంటీన్‌లో పిండి రుబ్బే వెంగమ్మ నడుము పట్టుకుని వచ్చింది. ఆ తర్వాత రత్నయ్య మాస్టారిని మంచం మీద మోసుకొచ్చారు. లెక్కల మాస్టారు, ఎముకల్లో క్యాన్సర్. పలక మీద చెయ్యి పెట్టాక ఆయన నెలల తర్వాత మొదటిసారి కాళ్లు చాపుకుని పడుకున్నాడు. కొద్దిరోజులకే పోయాడు కానీ, మనవళ్లతో కబుర్లు చెబుతూ పోయాడు.

అప్పుడు హైమ.

హైమకి రెండేళ్లుగా ముఖం నరం జబ్బు. గాలి తగిలినా, ముద్ద నమిలినా ఎడమ చెంపలో కరెంటు తీగ పెట్టి గుంజినట్టు ఉండేది. నాలుగేళ్ల కూతురు లహరి ముద్దు పెట్టబోతే మొహం తిప్పుకునేది. మందులు పనిచేయలేదు. ఆపరేషను చేసినా నయమవుతుందని చెప్పలేమన్నారు.

పలక కూడా మొదట పూర్తిగా పనిచేయలేదు. మైనస్ వైపు ఉన్న లోహపు రేకు మీద తెల్లటి పొర కట్టి, దారి మూసుకుపోయేది. బయటికొచ్చిన సోడియానికి పోయే చోటు లేదు. రేకు బదులు తడి ఉన్నదేదైనా పెట్టాలి. అన్నిటికన్నా బాగా పనిచేసేది, వెచ్చటి మనిషి అరచెయ్యి.

"నేను కూచుంటాలే" అంది చెంగమ్మ.

పలక నిలువుగా, ఇనుప స్టాండులో ఉంటుంది. కిటికీ వైపు ఒక కుర్చీ, తలుపు వైపు ఒక కుర్చీ. పలకని వేడి చేసిన చోటు ఒక పక్కకి ఉంది. కిటికీ వైపు కూర్చున్నవాళ్లకి అక్కడికి కుడి చెయ్యి అందుతుంది, తలుపు వైపు వాళ్లకి ఎడమ చెయ్యి. హైమ కిటికీ వైపు, అంటే ప్లస్ వైపు కూర్చుంది. చెంగమ్మ తలుపు వైపు కూర్చుని తన ఎడమ చెయ్యి చూసుకుంది.

"దీనికి నాకొచ్చేదేంది వకుళమ్మా?"

"ఏమీ రాదత్తా. గాజులో ఉండే ఉప్పే కాస్త. నాలిక్కి కూడా తెలీదు."

"ఎడం చేత్తోనా పుచ్చుకునేది?" ఒక క్షణం ఆలోచించింది. "సర్లే, పీడ కదా. పీడని ఎడం చేత్తోనే పుచ్చుకోవాల."

వకుళ నవ్వుకుంటూ పక్క గదిలోకి వెళ్లింది. మీటరు అక్కడ ఉంది. పలక దగ్గర మూడో మనిషి కదిలినా ముల్లు తుళ్లిపడుతుంది. అందుకని మధ్యలో గోడ.

నాలుగోసారికి హైమ నొప్పి పూర్తిగా పోయింది. లహరి తల్లి చెంపకి చెంప ఆనించి నిద్రపోయింది. అది చూసి చెంగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. వకుళ మాత్రం అక్కడితో ఆపలేదు. జ్వరం తగ్గినా మందు కోర్సు పూర్తి చేస్తాం కదా, ఇదీ అంతే అనుకుంది. వారం వారం అత్తాకోడళ్లు వచ్చి అరచేతులు పెడుతూనే ఉన్నారు.

* * *

ఆదివారం భోజనం దగ్గర వకుళ చెయ్యి కడుక్కుని లేచింది.

"ఏందమ్మా, పులుసు బాగలేదా?" అంది చెంగమ్మ. "ఉప్పు చాల్లేదనుకుంటా. నాకు ఈ మజ్జన అన్నీ ఉప్పగానే ఉంటన్నాయి, అందుకే తక్కువేస్తుండా."

వంటింట్లోంచి హైమ రసం గిన్నె తెచ్చి పీట మీద పెట్టింది. గిన్నెలోంచి పొగలు వస్తున్నాయి. పట్టకారు లేదు, మసిగుడ్డ లేదు. వట్టి చేతులు.

వకుళ చెల్లెలి చెయ్యి లాగి చూసింది. వేళ్ల కొసలన్నీ బొబ్బలు.

"కాల్లేదటే నీకు?"

హైమ వేళ్ల వైపు చూసుకుంది. వాటిని ఇప్పుడే చూస్తున్నట్టు.

"కాలినట్టుంది" అంది.

నరం ఇంకా కుదురుకోలేదు, అంతే అనుకుని వకుళ ఆయింట్‌మెంటు రాసింది. ఆమె బుర్ర నిండా ఖైనీ వాసనే ఉంది. అది కాకతాళీయం కావచ్చు. ఒక్కసారి చూస్తే తేలిపోతుంది. అక్కడే ఆపేయాల్సిన మనిషి, మంగళవారం మళ్లీ ఇద్దరినీ కూర్చోబెట్టింది.

బుధవారం మధ్యాహ్నం పెంచలయ్య ఫోన్ చేశాడు.

"వదినా, అమ్మకి నడుము పట్టేసింది. అదట్టుంచు, నిద్దట్లో కుడి చెయ్యి గుండ్రంగా తిప్పతా ఉండాది. పిండి రుబ్బినట్టు."

వకుళ బయల్దేరింది. చెంగమ్మ మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. చెయ్యి తిరగడం ఆగిపోయింది. ఇప్పుడు పెదాలు కదులుతున్నాయి. పెంచలయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు, దగ్గరికి పోవడానికి అతనికి ధైర్యం చాలడం లేదు.

"పంతొమ్మిది ఆర్ల నూట పద్నాలుగు" అంటోంది చెంగమ్మ, తనది కాని గంభీరమైన గొంతుతో. "పంతొమ్మిది ఏడ్ల నూట ముప్పైమూడు."

"వదినా, మా అమ్మకి వేలిముద్రే. సంతలో చిల్లర కూడా నన్నే లెక్కపెట్టమంటాది."

చెంగమ్మ కళ్లు తెరిచింది. మరుక్షణం రెండు చేతులతో తొడలు పట్టుకుని, గొంతు పగిలేలా అరిచింది.

* * *

"క్యూ లాంటిది పెంచలయ్యా" అంది వకుళ. ఆసుపత్రి వరండాలో కూర్చున్నారు. రెండు ఇంజెక్షన్లు పడినా లోపల చెంగమ్మ మూలుగు తగ్గలేదు. ఆమె ఎముకల్లో ఏ జబ్బూ లేదని ఎక్స్‌రే చూసి చెప్పారు. ఒంట్లో పుట్టని నొప్పికి ఒంట్లోకి ఎక్కించే మందు ఏం చేస్తుంది?

"గాజులో ఎవరూ ఒక్క ఉరుకున అవతలికి పోరు. ముందున్నవాడు జరిగితే వెనకున్నవాడు ఒక అడుగు వేస్తాడు. అత్తకి మొదట వచ్చింది గాజులో ముందునుంచీ ఉన్న ఉప్పు. దాని వెనక మస్తాన్ నిలబడి ఉన్నాడు. మస్తాన్ వెనక వెంగమ్మ. ఆ వెనక మాస్టారు."

"మాస్టారు పోయాడు కదొదినా."

"మనిషి పోయాడు. నొప్పి పోలేదు. ఇప్పుడు అత్తకి వచ్చింది దాని కొస మాత్రమే. అసలుది ఇంకా గాజులోనే ఉంది."

పెంచలయ్య మూలుగు వినిపిస్తున్న గది వైపు చూశాడు. "ఆయన వెనక?"

"హైమ."

"తీసెయ్యలేవా?"

"ప్లస్సూ మైనస్సూ తిప్పెయ్యొచ్చు. క్యూ మొత్తం వెనక్కి నడుస్తుంది. అత్తలోకి వచ్చినవన్నీ తిరిగి గాజులోకి పోతాయి. కానీ కిటికీ వైపు చివర నిలబడి ఉన్నది హైమ నొప్పి. అది బయటికొస్తుంది."

"నేను కూచుంటా కిటికీ కాడ. నాకే రానీ."

"ఎందుకు?" అంది హైమ. ఆమె గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "నాదే కదా. నేనే పెడతా చెయ్యి."

వకుళ లేచి చెల్లెలి భుజాలు పట్టుకుంది. "హైమా, అది ఎలా ఉండేదో గుర్తుందా? మళ్లీ జన్మంతా నీతోనే ఉంటుంది. భయంగా లేదూ?"

"లేదు."

చెల్లెలి ధైర్యానికి వకుళకి కళ్లు చెమర్చాయి. దాన్ని ధైర్యం అనుకోవడమే ఆమె చేసిన ఆఖరి పొరపాటు.

* * *

మర్నాడు పొద్దున్నే చెంగమ్మని కారులో పడుకోబెట్టి తీసుకొచ్చారు. పెంచలయ్య లహరిని ఎత్తుకుని షెడ్డు బయట ఆగిపోయాడు. వకుళ తీగలు ఊడదీసి ప్లస్సు చోట మైనస్సు, మైనస్సు చోట ప్లస్సు బిగించింది. ఇప్పుడు తలుపు వైపునుంచి పోయేది కిటికీ వైపుకి వస్తుంది.

"ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోండి" అంది. "హైమా, కేకలు వేస్తావు. వెయ్యి. నేను మాత్రం ఆపను. మధ్యలో ఆపితే మాస్టారిది అత్తలోనే ఇరుక్కుపోతుంది. ముల్లు సున్నాకి పడేదాకా చేతులు తియ్యొద్దు."

పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

పలక వేడెక్కడానికి కొంతసేపు పడుతుంది. చెంగమ్మ తలుపు వైపు కుర్చీలో కూర్చుని, ఎడమ చెయ్యి ఎత్తి, మళ్లీ దించింది.

"మేయ్ హైమా. ఇయ్యాల ఇచ్చేది నేనంట కదా?"

"అంట."

"పుచ్చుకునేటప్పుడు పీడ గాబట్టి ఎడం చెయ్యి పెట్టినా. నీకు ఇచ్చేటప్పుడు కూడా అదే చెయ్యా? ఇంటి కోడలికి ఎడం చేత్తో ఇస్తే ఇంకేమన్నా ఉందా? అది ఎట్టాంటిదైనా సరే." నడుము పట్టుకుని లేచింది. "లెయ్. నువ్విట్రా. నేనా పక్క కూచుంటా, కుడి చెయ్యి అందుతాది."

"అక్క మారొద్దనింది."

"మీ అక్కకి మిషను తెలుసు, మర్యాద నాకు తెలుసు. ఏ కుర్చీ అయితే ఏంది, చేతులు అవే కదా?"

హైమ సరేనంది. ఈ మధ్య ఆమె అన్నిటికీ సరేనంటోంది.

వకుళ తీగలు తిప్పింది. చెంగమ్మ కుర్చీలు తిప్పింది. క్యూ చివర నిలబడ్డ హైమ నొప్పి కిటికీ వైపునుంచి బయటికి రాబోతోంది. ఇప్పుడు కిటికీ వైపు ఉన్నది చెంగమ్మ.

గోడ అవతల వకుళ స్విచ్ వేసింది. ముల్లు లేచింది.

కేక వినిపించింది. వకుళ పళ్లు బిగపట్టింది. కేక మీద కేక. మధ్యలో గోడ ఉంది, అయినా కేకకి వయసుంటుందా, ఎవరిదని గుర్తుపట్టడానికి? చెల్లెలు తన నొప్పి తాను వెనక్కి తీసుకుంటోంది అనుకుంటూ చెవులు మూసుకుంది. ఆపలేదు. ముల్లు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా దిగి, సున్నా దగ్గర ఆగింది.

తలుపు తోసుకుని పరుగెత్తింది.

చెంగమ్మ కిటికీ పక్కన ఎడమ చెంప పట్టుకుని ఒరిగిపోయి ఉంది. ఫ్యాను గాలి తగిలినప్పుడల్లా ఒళ్లంతా ఎగిరిపడుతోంది. తలుపు వైపు కుర్చీలో హైమ నిటారుగా కూర్చుని ఉంది. చెయ్యి ఇంకా గాజు మీదే ఉంది.

"కుర్చీలు... కుర్చీలు ఎందుకు మారారు!"

"ఇది నీదేనటే హైమా?" చెంగమ్మకి కన్నీళ్లు కారిపోతున్నాయి. "నీదేనా ఇది? రెండేళ్లు... ఎట్టా ఓర్చుకున్నావే నా తల్లీ?"

హైమ అత్త వైపు ఊరికే చూసింది. వకుళ ఆమె వైపు తిరిగింది. చెంగమ్మకి హైమ నొప్పి వచ్చింది, సరే. గాజులో ఒకటి బయటికి పోతే ఇంకోటి లోపలికి రావాలి. మరి తలుపు వైపునుంచి లోపలికి పోయిందేమిటి? హైమలో ఇవ్వడానికి నొప్పి లేదు. నొప్పి పోయి ఎన్నో వారాలైంది. అన్ని వారాలూ అరచెయ్యి పెడుతూనే ఉంది. పలకకి ఇది నొప్పి, ఇది కాదు అని తెలీదు. అరచేతిలో ఏది ముందుంటే అది తీసుకుంటుంది, మంటైనా, భయమైనా, జాలైనా.

రసం గిన్నె. బొబ్బలు. "కాలినట్టుంది." "భయంగా లేదూ?" "లేదు."

"అత్తా, లేవండి" అంది వకుళ. "మళ్లీ చేతులు పెట్టండి. తిప్పేస్తాను. హైమది చాలా ఉంది ఇందులోనూ మీలోనూ, వెనక్కి తెచ్చెయ్యాలి. ఇప్పుడే తేవాలి."

చెంగమ్మకి వినిపించింది ఒక్క ముక్కే. హైమది వెనక్కి తేవాలి.

"మళ్లీ దానికిస్తావా?" అంది. "ఈ నొప్పి? ఆ బిడ్డకి? అదీ దాని కూతురూ ఇప్పుడిప్పుడే..." చెంపలో మళ్లీ లేచింది. మాట తెగిపోయింది. స్టాండు పట్టుకుని ఎలాగో నిలబడింది. "నాకాడే ఉండనీమ్మా. నేనెన్నాళ్లుంటా? నాతోనే పోతాది."

"అత్తా! నొప్పి కాదత్తా, అందులో ఉండేది..."

చెంగమ్మ తన బలమంతా కూడగట్టుకుని స్టాండుని తోసింది.

పలక గచ్చు మీద పడింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. లోపల ఏళ్ల తరబడి బిగిసిన ఒత్తిడంతా ఒక్కసారి విడిపోయినట్టు, రాళ్లుప్పులా చిన్న చిన్న గింజలై గదంతా పరుచుకుంది. వకుళ మోకాళ్ల మీద పడి రెండు చేతులా వాటిని దగ్గరికి లాగింది. ఏ గింజలో ఎవరున్నారు? వేళ్లు తెగి నెత్తురొచ్చాక లాగడం మానేసింది.

"ఇంక ఎవురూ తిరిగి ఇయ్యలేరు" అంది చెంగమ్మ. నేల మీదికి జారి, గోడకి ఆనుకుని, చెంప పట్టుకుని ఏడుస్తూనే నవ్వింది. "ఇంక నీకు రాదు హైమా. పో, బిడ్డని ఎత్తుకో, పో."

హైమ లేచింది. వట్టి కాళ్లతో గాజు మీద నడిచింది. తొందరపడలేదు, చూసుకుని అడుగు వేయలేదు. ఆమె వెనక గచ్చు మీద ఎర్రటి మరకలు పడ్డాయి. చెంగమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని, వణుకుతున్న ఆ చెంపని వేలితో పొడిచింది.

చెంగమ్మ కెవ్వుమంది.

హైమ తల పక్కకి వంచి, ఇంకోసారి పొడిచింది.

"ఎట్టా ఉంటాదత్తా అది?" అంది. కొత్త వంట ఎలా చెయ్యాలో అడుగుతున్నట్టు. "చెప్పు. నాకు తెలవడం లా."

చెంగమ్మ ఏడుపు ఆపేసింది. కోడలి కళ్లలోకి చూసింది. ఆ కళ్లు తడిగానే ఉన్నాయి, తెరిచే ఉన్నాయి. వాటి వెనక ఎవరూ నిలబడి లేరు.